పొద్దున వచ్చి మాపటికి పోవు బండి: బెంగుళూరు ఇనుపదారుల చరిత్ర

ఉగాదినాడు పంచాంగము విప్పి, రాబోవు ఏడాదికి మన మన రాశుల ఆదాయ వ్యయములను, రాజపూజ్య అవమానములను లెక్క చూచుకొనుట పెద్దలు మనకిచ్చిన ఆచారము. ఊళ్ళకు కూడ అట్టి లెక్క యొకటి కలదని మేము తలంచుచున్నాము. ఉదయమున ఊరిలోనికి పని కొరకు ఎందరు వచ్చిరి, సాయంత్రమున వారిలో ఎందరు తమ ఇంటి భోజనమునకు చేరుకొనిరి అనునదే ఆ లెక్క. మొదటిది ఊరి ఆదాయము. రెండవది ఊరి మర్యాద. బెంగుళూరు నగరమునకు మొదటి పద్దు నానాటికి పెరుగుచున్నది. రెండవ పద్దు మాత్రము దానితో సమానముగా నడువలేక వెనుకబడి యున్నది.

ఈ సంచికను చదువు కుటుంబములలో పెక్కింటికి ఈ నగరముతో తొలి పరిచయము రైలు పెట్టెలోనే కలిగినది. అనంతపురము సీమనుండి వచ్చినవారము కొందరము, చిత్తూరు సీమనుండి కొందరము, కోస్తా జిల్లాలనుండియు తెలంగాణమునుండియు వచ్చినవారము మరికొందరము. ట్రంకుపెట్టెయు, పరుపుచుట్టయు, ఆవకాయ జాడీయు మనతోపాటు ఆ బండ్లలోనే వచ్చినవి. అయినను మనలను తెచ్చిన ఆ దారులు ఎప్పుడు, ఎవరి కొరకు వేయబడినవో విచారించువారు తక్కువ. ఆ చరిత్రను క్రమముగా చెప్పి, నేడు మన ముందున్న ప్రశ్న నొకదానిని పాఠకుల యెదుట నుంచుట మా ఉద్దేశము.

దండు కొరకు వచ్చిన రైలు

మన దేశములో ప్రయాణికుల రైలు మొదట నడచినది 1853 ఏప్రిల్ 16వ తేదీన, బొంబాయి నుండి ఠాణా వరకు. మూడేండ్ల తరువాత, 1856 జూలై 1వ తేదీన, మద్రాసు రాయపురము నుండి వాలాజా వరకు దక్షిణదేశపు తొలి బండి నడచినది. ఆ మద్రాసు రైల్వే కంపెనీవారే పడమటికి సాగివచ్చి, జోలార్‌పేట వద్దనుండి ఒక శాఖను చీల్చి, 1864 ఆగస్టులో బెంగుళూరు కంటోన్మెంటునకు చేర్చిరి. మన లెక్కలో అది రక్తాక్షి నామ సంవత్సరము.

కంటోన్మెంటు అనగా దండు. 1809లో ఇంగ్లీషువారు తమ సేనలను నిలుపుటకు ఏర్పరచిన పాళెము. కెంపేగౌడ 1537లో కట్టించిన పేట అంతకు ఎన్నడో పూర్వమే వర్తకమునకు ప్రసిద్ధి చెంది యున్నది. చిక్కపేట, బళేపేట, అక్కిపేట జనసమ్మర్దముతో కిటకిటలాడుచుండినవి. అయినను రైలు వచ్చినది పేటకు కాదు, దండునకు. మద్రాసునుండి సిపాయిలను, మందుగుండును, దొరల సామగ్రిని వేగముగా చేర్చుట అప్పటి అవసరము. పేటకు పోవలసిన వర్తకుడు దండు స్టేషనులో దిగి, బండి కట్టించుకొనియో కాలినడకనో మిగిలిన దూరము పోవలసినదే.

ఈ మొదటి దారియే తెలుగు నేలను తాకుచు వచ్చినదని మనవారు గమనింపవలెను. జోలార్‌పేట దాటి మైసూరు పీఠభూమి మీదికి, సుమారు 3,000 అడుగుల ఎత్తునకు, ఎగబ్రాకు బండి దారిలో కుప్పము మీదుగా పోవును. నాడది ఉత్తరార్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడిన పిమ్మట కుప్పము దానిలో చేరినది. కావున బెంగుళూరునకు రైలు పుట్టిన నాటినుండియు ఆ దారిపై ఒక తెలుగు ఊరు ఉన్నదనుట అతిశయోక్తి కాదు.

కరువు వేసిన దారి

ధాత కరువు మాట మన ముసలమ్మల నోట వినని రాయలసీమ యిల్లు ఉండియుండదు. 1876–77 ధాత నామ సంవత్సరమున మొదలిడి 1878 వరకు దక్షిణాపథమును పీడించిన ఆ క్షామములో బళ్ళారి, కర్నూలు, కడప సీమలు ఎంత మాడిపోయినవో మైసూరు సంస్థానము కూడ అంతగా మాడినది. సంస్థానపు జనములో ఇంచుమించు ఐదవ వంతు నశించినదని చెప్పుదురు. ధాన్యము ఒకచోట నిలువయుండియు ఆకలిగొన్న ఊరికి చేరు దారి లేకపోవుట ఆ విపత్తునకు గల ముఖ్య కారణములలో నొకటి.

అప్పుడు కరువు పనులలో భాగముగా బెంగుళూరు నుండి మైసూరునకు మీటరు గేజి రైలుమార్గము నారంభించిరి. కూలి దొరకని రైతు గంపెడు మన్ను మోసి కట్ట వేసినాడు. ఆ కట్టమీద 1881లో చెన్నపట్టణ వరకు, 1882 ఫిబ్రవరిలో మైసూరు వరకు బండి నడచినది. నడుమ 1881 మార్చిలో సంస్థానము తిరిగి ఒడెయరు వంశమువారికి అప్పగింపబడినది. చామరాజేంద్ర ఒడెయరు ప్రభువుగా, రంగాచార్లు దివానుగా ఉన్న కాలమది. పేటకు దగ్గరగా సిటీ స్టేషను వెలసినదియు ఈ దారి మూలముననే. నేడు దానికి క్రాంతివీర సంగొళ్ళి రాయన్న పేరు పెట్టినారు. 1882లో దండునకును సిటీకిని నడుమ పట్టాలు కలిసినవి. 1884లో తుమకూరు దారి తెరువబడినది.

కాని ఒక చిక్కు మిగిలినది. మద్రాసునుండి వచ్చునది బ్రాడు గేజి, అనగా అయిదడుగుల ఆరంగుళముల వెడల్పు గలది. మైసూరునకు పోవునది మీటరు వెడల్పు. ఒకదాని బండి మరొకదానిపై నడువదు. సరకునంతయు ఒక పెట్టెనుండి దింపి మరొక పెట్టెలో నెక్కింపవలెను. ప్రయాణికుడును మూటలు నెత్తిన పెట్టుకొని ఈ ప్లాట్‌ఫారమునుండి ఆ ప్లాట్‌ఫారమునకు మారవలెను. ఈ రెండు కొలతల సంసారము బెంగుళూరునకు నూరేండ్లకు పైబడి తప్పలేదు. ఇరువది శతాబ్దపు చివరి రెండు దశాబ్దములలో గాని ముఖ్యమైన దారులు ఒక్క కొలతకు రాలేదు.

హిందూపురము దారియు, గనుల దారియు

మనవారికి మిక్కిలి దగ్గరదైన దారి 1893లో తెరువబడినది. అది గుంతకల్లునుండి అనంతపురము, ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా మైసూరు సరిహద్దును దాటి యశ్వంతపురము చేరు మీటరు గేజి మార్గము. అంతవరకు హిందూపురపు బెల్లమును, చింతపండును ఎద్దుబండ్లపై దినముల తరబడి తోలుకొని వచ్చెడివారు. ధర్మవరపు పట్టుచీరల మూటలకును ఈ దారితో బెంగుళూరు బజారు దగ్గరైనది. రాయలసీమవానికి చెన్నపట్టణముకంటె బెంగుళూరు దగ్గర యనిపించుటకు ఈ రైలు చాలవరకు కారణమని మా అభిప్రాయము.

ఆ మరుసటి యేడే, 1894లో, తూర్పుదిక్కున మరొక చిన్న దారి పుట్టినది. జోలార్‌పేట మార్గములోని బౌరింగుపేట నుండి కోలారు బంగారు గనుల మీదుగా మారికుప్పము వరకు పదిమైళ్ళ శాఖ అది. బౌరింగుపేటనే తరువాత బంగారుపేట యనిరి. గనులకు బొగ్గును, యంత్రములను, కొయ్యను చేర్చుటకును, బంగారమును భద్రముగా తరలించుటకును అది ఉపకరించినది. ఉత్తరార్కాటు నుండి, నేటి చిత్తూరు ప్రాంతపు గ్రామములనుండి తమిళులును తెలుగువారును వేలసంఖ్యలో వచ్చి భూమి అడుగున పనిచేసిరి. తెలుగుమాట సహజముగా వినిపించు కోలారు జిల్లాలో ఈ గనుల పట్టణము మన భాషకు మరొక నెలవైనది.

ఇక చిన్నబండి కథ. 1915లో యెలహంకనుండి దేవనహళ్ళి మీదుగా చిక్కబళ్ళాపురమునకు రెండున్నర అడుగుల వెడల్పు గల నేరోగేజి రైలు వచ్చినది. సంవత్సరము పేరు రాక్షస. బండి మాత్రము పరమసాధువు. అది తరువాత కోలారు వరకు సాగి, బంగారుపేటనుండి అప్పటికే వచ్చియుండిన మరొక చిన్నదారిని కలిసికొన్నది. సంతకు పోవు రైతును, కూరగాయల గంపను, పట్టుగూళ్ళ బుట్టను అది మోసినది. అప్పటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతములోని మోక్షగుండమునుండి వచ్చినవారు. వారు పుట్టినది చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న ముద్దేనహళ్ళిలో. 1912 నుండి 1918 వరకు దివానుగిరి చేసిన వారి కాలములో సంస్థానమున రైలుమార్గములకు మంచి ఊపు కలిగినది. 2022లో బైయప్పనహళ్ళి వద్ద తెరచిన పెద్ద టెర్మినలుకు వారి పేరే పెట్టుట అన్నివిధముల తగియున్నది.

దండు కొరకు ఒకటి, కరువు కొరకు ఒకటి, వర్తకమునకు ఒకటి, బంగారమునకు ఒకటి, సంతలకు ఒకటి. బెంగుళూరు దారులను ఈ విధముగా వరుసబెట్టి చూచినచో, ఉదయమున పనికి వచ్చి సాయంత్రము ఇల్లు చేరగోరు సామాన్యుని కొరకు వేసిన దారి ఒక్కటియు కానరాదు. అట్టివాడు ఇతరుల కొరకు వేసిన దారిలో, ఇతరుల కొరకు కట్టిన వేళలలో, సందు చూచుకొని ప్రయాణము చేయవలసినవాడైనాడు.

ఊరు పెరిగిన తీరు

ఇతర మహానగరములు ఈ విషయమున త్వరపడినవి. బొంబాయిలో 1925లోనే విక్టోరియా టెర్మినసు నుండి కుర్లాకు విద్యుత్తు రైలు నడచినది. మద్రాసులో 1931లో బీచి స్టేషనునుండి తాంబరము వరకు విద్యుత్తు బండ్లు వచ్చినవి. ఆ బండ్ల చలువవలననే అక్కడి గుమాస్తా, మిల్లు కార్మికుడు, బడిపంతులు ఊరికి దూరముగా, తక్కువ అద్దెకు ఇల్లు తీసికొని బ్రతుకగలిగిరి. మన హైదరాబాదులోను 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. బండ్లు ప్రారంభమైనవి. ఉన్న పట్టాలనే వాడుకొని, రాష్ట్రప్రభుత్వమును రైల్వేవారును ఖర్చు పంచుకొని చేసిన పని అది.

బెంగుళూరు మాత్రము వేరొక తీరుగా పెరిగినది. 1940లో విమానముల ఫ్యాక్టరీ, 1948లో కృష్ణరాజపురము చెంత టెలిఫోనుల ఫ్యాక్టరీ, 1953లో హిందుస్తాన్ మెషిన్ టూల్సు, 1954లో భారత్ ఎలక్ట్రానిక్సు వరుసగా వెలసినవి. మన సంఘములలోని పెద్దలు అనేకులు ఆ ఫ్యాక్టరీల ఉద్యోగములకై వచ్చినవారే. ఆ సంస్థలు తమ కార్మికుల కొరకు తామే కాలనీలు కట్టి, తామే బస్సులు నడిపినవి. ప్రాతఃకాలమున వీథిమొగలో నిలిచిన ఫ్యాక్టరీ బస్సు ఆనాటి బెంగుళూరు మధ్యతరగతికి గడియారము వంటిది. అందుచేత పట్టణపు రైలు కావలెనని గట్టిగా అడుగువారు ఆ రోజులలో లేకపోయిరి.

జనసంఖ్య చూడుడు. 1951లో సుమారు 7.8 లక్షలు, 1961లో 12 లక్షలు, 2011 జనాభా లెక్కలలో 84 లక్షలు. 1990 దశకమునుండి కంప్యూటరు పరిశ్రమ పెరిగి, ఒకప్పుడు ఆంగ్లో ఇండియనులకు 1882లో స్థలమిచ్చి నెలకొల్పిన వైట్‌ఫీల్డు పల్లె మహాపట్టణమైపోయినది. ఇంజనీర్లు వచ్చిరి. వారి వెంట మేడలు కట్టు మేస్త్రీలు, వంటవారు, కాపలాదారులు, ఇంటిపని చేయు స్త్రీలు వచ్చిరి. ఇంజనీరునకు కంపెనీ వాహనము వచ్చును, మిగిలినవారికి రాదు. 2011 అక్టోబరులో మెట్రో రైలు బైయప్పనహళ్ళి నుండి ఎం.జి. రోడ్డు వరకు మొదలై, నేడు నగరమున నలుదెసల ప్రాకుచున్నది. అది గొప్ప సౌకర్యమే. అయితే అది ఊరిలోపలివారికి ఉపకరించునంతగా ఊరి వెలుపలినుండి వచ్చువారికి ఉపకరింపదు.

ఇందు మరొక విచిత్రము కలదు. దేశములోని రైలుబండ్లకు చక్రములును ఇరుసులును చేసియిచ్చు కర్మాగారము 1984నుండి యెలహంకలోనే పనిచేయుచున్నది. రైలు పెట్టెలు తయారుచేయు సంస్థయు ఈ ఊరిలోనే కలదు. ఊరూరి బండికి చక్రము పోసియిచ్చు నగరమునకు తన దినసరి బండి లేదు. కుమ్మరి యింట చీలిన కుండ యన్నట్లున్నది.

మారికుప్పపు తెల్లవారుజాము

రోజువారీ రైలు అనునది ఎంత అవసరమో పుస్తకములవలన గాక మారికుప్పపు ప్లాట్‌ఫారమువలన తెలియును. కోలారు బంగారు గనులు నూరేండ్లకు మించి నడచినవి. మనుష్యులు మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు దిగి రాయి కొట్టిరి. ఖనిజములో బంగారము పలుచనై, ఖర్చు రాబడిని మించి, 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. ఒక పట్టణమంతయు ఒక్క యజమానిపై ఆధారపడి యుండెను. ఆ యజమాని గేటు మూసెను.

ఇట్టి పట్టణములు లోకములో పెక్కు చోట్ల ఖాళీయై పాడుపడినవి. ఈ పట్టణము నిలిచినది. నిలిపినది రైలు. బంగారమును మోయుటకు 1894లో వేసిన పట్టాలమీదనే ఆ గని కార్మికుల బిడ్డలు ఉదయమున చీకటితోనే బయలుదేరి బెంగుళూరునకు పనికి వచ్చుచున్నారు. ‘స్వర్ణ’ అను పేరు గల బండి కూడ ఆ దారిలో నడచినది. భూమి అడుగున బంగారము ముగిసినను ఆ పేరు సార్థకమే యని మేమందుము. దుకాణములలో, కర్మాగారములలో, ఆఫీసులలో, ఆస్పత్రులలో పనిచేయు వేలాదిమంది ప్రతిదినము సుమారు తొంబది కిలోమీటర్లు ఇటు, తొంబది కిలోమీటర్లు అటు ప్రయాణము చేయుదురు. నెల సీజను టిక్కెట్టు చవుక. పూర్వులు కట్టుకొన్న ఇల్లు ఉన్నది. తల్లిదండ్రులు అక్కడనే ఉన్నారు. నగరములో ఒక గది అద్దెతో అక్కడ సంసారము గడచును.

మరి వారి కష్టమేమి? కాలము. వారి బండి తానెక్కిన దారికి యజమానురాలు కాదు. వెనుక ఎక్స్‌ప్రెస్సు వచ్చుచున్నదన్నచో ప్రక్క లైనులోనికి తప్పుకొని నిలువవలెను. గూడ్సు ముందున్నచో వేచియుండవలెను. జోలార్‌పేట దారి మద్రాసుకు, కేరళమునకు, ఉత్తరదేశమునకు పోవు బండ్లతో నిండియున్నది. దూరపు బండి ఒక గంట ఆలస్యమైనచో ప్రయాణికుడు విసుగుకొనును. దినసరి బండి అరగంట ఆలస్యమైనచో కార్మికునికి సగము రోజు కూలి పోవును. కొన్నిచోట్ల పనియే పోవును. ఇద్దరి ఆలస్యము ఒకటి కాదు.

హిందూపురము, కుప్పము దారుల కథయు ఇట్టిదే. రెండును బెంగుళూరునకు ఇంచుమించు నూరేసి కిలోమీటర్ల దూరములో ఉన్నవి. రెండింటినుండియు పనికి, చదువునకు, వైద్యమునకు జనము వచ్చుచుందురు. ఉదయపు బండి దొరికినచో సాయంత్రపు బండి కుదురదు. రెండును కుదిరినచో కాలు పెట్టుటకు చోటుండదు. ఇట్లు కొన్నాళ్ళు చూచి, విసిగి, చివరకు నగరమున ఒక ఇరుకుగది తీసికొందురు. వలస అనునది తరచు ఇట్లే మొదలగును.

పూలపేర్ల నాలుగు దారులు

పట్టణపు రైలు కావలెనను ఆలోచన బెంగుళూరునకు కొత్త కాదు. 1983లోనే దక్షిణ రైల్వేవారి పరిశీలనలో ఈ ప్రస్తావన వచ్చినది. తరువాత నివేదికల మీద నివేదికలు వచ్చినవి. 2012లో రైట్స్ సంస్థవారు చుట్టుపక్కల పట్టణములను కలుపుచు నాలుగువందల కిలోమీటర్లకు మించిన పథకమును సూచించిరి. 2016లో నగరవాసులు ‘చుకుబుకు బేకు’, అనగా చుక్‌చుక్ బండి కావలెనని, స్టేషనులలో చేరి కోరిరి. 2018 బడ్జెటులో కేంద్రప్రభుత్వము 160 కిలోమీటర్ల పథకమును, 17,000 కోట్ల రూపాయల అంచనాతో ప్రకటించినది. 2020 అక్టోబరులో 148 కిలోమీటర్ల పథకమునకు 15,767 కోట్లతో కేంద్ర మంత్రివర్గపు ఆమోదము లభించినది. ఖర్చులో కేంద్రము ఐదవ వంతు, కర్ణాటక రాష్ట్రము ఐదవ వంతు, మిగిలినది ఋణము. పని చూచుటకు కె-రైడ్ అను సంస్థ నియమింపబడినది.

నాలుగు దారులకును కన్నడిగులు పూలపేర్లు పెట్టుకొనిరి. సంపిగె దారి సిటీ స్టేషనునుండి దేవనహళ్ళికి, సుమారు 41 కిలోమీటర్లు. మల్లిగె దారి బైయప్పనహళ్ళినుండి చిక్కబాణావరమునకు 25. పారిజాత దారి కెంగేరినుండి వైట్‌ఫీల్డునకు 35. కనక దారి హీలలిగెనుండి రాజానుకుంటెకు 46. సంపెంగ, మల్లె, పారిజాతము, కనకాంబరము. నాలుగింటిని మాలకట్టినట్లు రైలుమార్గములకు పేర్లు పెట్టుట ముచ్చటైన సంగతి.

2022 జూన్ 20వ తేదీన, శుభకృతు నామ సంవత్సరమున, ప్రధానమంత్రి నరేంద్ర మోదీ శంకుస్థాపన చేసిరి. నలుబది నెలలలో పూర్తి కాగలదని ఆనాడు చెప్పబడినది. ఆ నలుబది నెలలు 2025లోనే నిండిపోయినవి. భూమి చేకూరుట ఆలస్యమైనది. 2025లో గుత్తేదారు తప్పుకొనుటతో పని మరింత కుంటుపడినది. మాల కట్టుటకు దారమే చేతికి రాకున్నది.

దేవనహళ్ళి విమానాశ్రయము 2008లో తెరువబడినది. దానికి చేరువగా, ఆ సాధుబండి నడచిన చిక్కబళ్ళాపురపు దారిమీదనే, 2021 జనవరిలో ఒక హాల్టు స్టేషను ఏర్పడినది. నూరేండ్లనాటి దారిని కొత్త అవసరమునకు త్రిప్పుకొనుట సాధ్యమని చూపుటకు ఇది చిన్న ఉదాహరణ.

ఇందు కావలసిన విద్య గొప్ప రహస్యమేమియు కాదు. ఇంజను లాగు బండి వేగమందుకొనుటకు చాల సేపు పట్టును. స్టేషనులు దగ్గరదగ్గరగా ఉన్నచో దాని వేగము వ్యర్థము. విద్యుత్తు పెట్టెల బండికి పెట్టెల క్రిందనే మోటారులుండును. త్వరగా కదలును, త్వరగా నిలుచును. రెండు కొనలను డ్రైవరు గది యుండుటచే ఇంజను మార్చు పని లేదు. వెడల్పాటి ద్వారములు, పెట్టెతో సమానమైన ఎత్తు గల ప్లాట్‌ఫారము ఉన్నచో జనము క్షణములలో ఎక్కిదిగుదురు. అన్నిటికంటె ముఖ్యమైనది వేరు పట్టాలు. దూరపు బండికి ఒక జత, దగ్గర బండికి ఒక జత ఉన్నగాని దినసరి ప్రయాణికునికి గడియారముపై నమ్మకము కలుగదు. కంటోన్మెంటునుండి వైట్‌ఫీల్డు వరకు రెండు దారులను నాలుగు చేయు పనిని రైల్వేవారు చేపట్టుట ఇందుకే. ఆ పని ముగిసిననాడు మారికుప్పపు బండికి కొంత ఊపిరి యాడును.

మన యెదుటి ప్రశ్న

ఇప్పుడు పాఠకుల యెదుట నుంతుమన్న ప్రశ్నకు వచ్చుచున్నాము. ఆమోదము పొందిన నాలుగు దారులును నగరపు పొలిమేరలలోనే ఆగిపోవుచున్నవి. కనక దారి చివరి స్టేషనైన రాజానుకుంటె, మన హిందూపురపు దారిమీదిదే. అక్కడినుండి అవే పట్టాలు దొడ్డబళ్ళాపురము, గౌరిబిదనూరు దాటి తెలుగునాటికి పోవుచున్నవి. పారిజాత దారి ఆగు వైట్‌ఫీల్డు, కుప్పము, బంగారుపేట పోవు దారిమీదిది. కనక దారి మరొక కొన హీలలిగె, తెలుగువారు తరతరములుగా ఉన్న హోసూరునకు కూతవేటు దూరము. పూలదారులు మూడుచోట్ల మనవారి గడప వైపు చేయి చాచి ఆగినవి. వాటిని ముందునకు సాగింపవలెనా, వద్దా?

వద్దనువారి వాదము కూడ త్రోసివేయదగినది కాదు. పట్టాలు ఇప్పటికే క్రిక్కిరిసి యున్నవనియు, ముందు నగరవాసుల ఇక్కట్లు తీర్పవలెననియు, కర్ణాటక ప్రజల పన్నుతో పొరుగు రాష్ట్రపు ఊళ్ళకు బండి యేలయనియు అడుగవచ్చును. వీనికి మా సమాధానము వినయముతో చెప్పుదుము. రైలు ఏనాడును రాష్ట్రపు గట్టును చూచి నడువలేదు. హిందూపురమును, కుప్పమును ఆంధ్రప్రదేశములో నున్నను రైల్వేవారి లెక్కలో బెంగుళూరు డివిజనులోనివే. ఆ ఊళ్ళనుండి వచ్చు మేస్త్రీ కట్టు గోడ బెంగుళూరుది, నర్సు చూచు రోగి బెంగుళూరువాడు. ఈ నగరము వారి పగటిని వాడుకొనుచున్నది. రాత్రిని వారి బిడ్డలకు విడిచిపెట్టుట న్యాయము. అంతేకాదు, ఊరి వెలుపల నివసింపగలిగినవాడు ఊరిలో ఒక గదిని, ఒక బిందె నీటిని, వీథిలో ఒక బండి చోటును తక్కువ వాడుకొనును. అతని రైలు నగరవాసికి కూడ ఉపకారమే.

మనము వలసవచ్చినవారము. ఈ నేల మనకు అన్నము పెట్టినది, ఈ భాష మన బిడ్డల నోట అందముగా పలుకుచున్నది. దానికి మనము కృతజ్ఞులము. అయినను వలసలో ఒక మూల్యము కలదని మనకంటె తెలిసినవారెవరు? పండుగకు మాత్రమే చూచు తల్లి మొగము, తాళము వేసిన ఇల్లు, కౌలుకిచ్చిన చేను, ఊరి పేరు చెప్పగలిగియు ఊరి దారి చెప్పలేని మనుమలు. ఆ మూల్యమును ఇష్టపడి చెల్లించినవారు కొందరు. బండి కుదురక చెల్లించినవారు ఎందరో. మారికుప్పము మనకు నేర్పు పాఠమిది: ఉదయపు బండియు సాయంత్రపు బండియు ఉన్నచో ఊరు విడువకయే పట్నపు పని చేసికొనవచ్చును. అవి లేనిచో అదే మనిషి వలసవాడగును. ఇద్దరికిని నడుమనున్న భేదము ఒక రైలు వేళ.

1864లో దండునకు, 1877లో ఆకలికి, 1894లో బంగారమునకు దారి వేయగలిగిన దేశమిది. వానిలో ప్రతిదియు ఆనాటికి కష్టసాధ్యమే. ఇప్పుడు దారి కోరుచున్నవాడు సద్దిమూట పట్టుకొని తెల్లవారుజామున ప్లాట్‌ఫారముపై నిలిచిన సామాన్యుడు. మన సంఘములు సాంస్కృతికోత్సవములను ఎంత శ్రద్ధతో జరుపుకొనునో, అంత శ్రద్ధతో ఈ విషయమును గురించి రెండు ప్రభుత్వములకును, రైల్వేవారికిని విన్నపములు పంపవలెనని మా మనవి. కన్నడ సోదరులతో కలిసి అడుగుట మరింత మేలు. తుమకూరు, మాలూరు, రామనగరముల ప్రయాణికుడు కోరునదియు ఇదే గదా.

ఈ నూతన సంవత్సరమున మల్లిగె, సంపిగె దారులపై పట్టాలు పడుగాక. మాపటి బండి వేళకు కదలుగాక. దూరపు ఊళ్ళలో దీపము పెట్టువేళకు ఇంటివారు ఇల్లు చేరుదురుగాక. పాఠకులకెల్లరకు ఉగాది శుభాకాంక్షలు.